ఆరు తీగల త్రాసు: గిటారు ట్రెమొలో కాడ సర్దుబాటు, సంరక్షణ

ఎలక్ట్రిక్ గిటారు వాయించువాడు దీర్ఘముగా మ్రోగవలసిన స్వరమొకటి వచ్చినపుడు బ్రిడ్జి ప్రక్కనుండు సన్నని ఉక్కు కాడను కుడిచేతితో మెల్లగా నొక్కి వదలును. స్వరము ఊయలవలె క్రిందికి దిగి తిరిగి పైకి వచ్చును. 1960లో ఇంగ్లండులోని షాడోస్ బృందము విడుదల చేసిన ‘అపాచీ’ అను వాద్యగీతములో హాంక్ మార్విన్ గిటారు ఇట్లు ఊగుట వినవచ్చును. 1969 ఆగస్టు 18న అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవమున జిమీ హెండ్రిక్స్ తన దేశపు జాతీయగీతమును వాయించుచు ఇదే కాడను బలముగా నొక్కి, తీగలను చాలవరకు వదులుచేసి, వినువారు ఉలికిపడు ధ్వనులను పుట్టించెను. కాడను నొక్కుట ఎవరికైనను సాధ్యమే. వదలిన తరువాత ఆరు తీగలును పూర్వపు శ్రుతికి సరిగా తిరిగి వచ్చుటయే కష్టము. అట్లు రానిచో మరుక్షణము నుండియే గిటారు తక్కిన వాద్యములతో కలియదు. కచేరీ మధ్యలో బిరడాలు త్రిప్పుచు కూర్చుండుటకు వ్యవధి ఉండదు.

ఈ కాడకు ట్రెమొలో అను పేరు సరియైనది కాదు. సంగీతశాస్త్రములో ట్రెమొలో అనగా స్వరము యొక్క బిగ్గరతనము, అనగా కంపన పరిమితి, హెచ్చుతగ్గులగుట. శ్రుతి హెచ్చుతగ్గులగుటకు వైబ్రాటో అని పేరు. కాడ చేయునది రెండవ పని. అయినను ఈ పరికరమును రూపొందించిన లియో ఫెండర్ తన పేటెంటులో దీనిని ట్రెమొలో అనియే వ్రాసెను. వింత యేమనగా, అదే సంస్థ తయారుచేసిన కొన్ని ఆంప్లిఫైయరులలో బిగ్గరతనమును మాత్రమే మార్చు ఏర్పాటునకు వైబ్రాటో అని పేరు పెట్టిరి. రెండు పేర్లును తారుమారైనవి. తప్పైనను పేరు స్థిరపడినది కనుక ఇక్కడను అదియే వాడబడినది.

తీగల శ్రుతిని యంత్రముతో ఊగించు ఊహ ఫెండరునకు ముందే ఉన్నది. డాక్ కాఫ్‌మన్ అను అమెరికను 1929లోనే ఒక పరికరమునకు పేటెంటు కోరెను. 1950 ప్రాంతమున పాల్ బిగ్స్‌బీ చేసిన పరికరము మిక్కిలి ప్రచారము పొందినది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టను పట్టణములో రేడియో మరమ్మతుల దుకాణముతో జీవితము ప్రారంభించిన ఫెండర్, తనకు గిటారు వాయించుట రాకపోయినను, వాయించువారి ఇబ్బందులను శ్రద్ధగా వినెడివాడు. ఆయన స్ట్రాటోకాస్టర్ అను గిటారుతోపాటు 1954లో వెలువరించిన పరికరమే నేటికిని ఎక్కువ వాడుకలో ఉన్నది. దాని పేటెంటు 1956లో మంజూరైనది. ఈ వ్యాసము ముఖ్యముగా దానిని గురించినది.

నిర్మాణము

స్ట్రాటోకాస్టరులో తీగలు ఆనుకొను బ్రిడ్జి ఒక ఉక్కు పలక. పలక క్రింద బరువైన ఉక్కు దిమ్మ బిగించబడి, గిటారు కొయ్యలో తొలిచిన రంధ్రము ద్వారా వెనుకవైపునకు దిగియుండును. తీగల చివర గుండ్లు ఈ దిమ్మలోనే చిక్కుకొనియుండును. పలక ముందు అంచున ఆరు మరమేకులు కొయ్యలోనికి దిగియున్నవి. పలకలోని రంధ్రముల అంచులు అడుగువైపు ఏటవాలుగా చెక్కబడి కత్తి అంచువలె ఉండును. ఆ అంచులు మేకుల మెడలకు ఆనుకొని పలక ముందుకు వెనుకకు ఒరుగును. పాఠశాల ప్రయోగశాలలోని భౌతికపు త్రాసులో దండము కత్తి అంచుపై ఊగుటకు ఏది కారణమో ఇక్కడను అదియే కారణము: ఆనిక సన్నమైన కొలది ఘర్షణ తగ్గును, త్రాసు తన స్థానమునకు తిరిగివచ్చును.

గిటారు వెనుక మూత తీసి చూచినచో దిమ్మ అడుగుభాగము నుండి మెడవైపునకు చాగియున్న స్ప్రింగులు కనిపించును. వాటి రెండవ కొసలు పంజా ఆకారముగల రేకునకు తగిలించబడియుండును. పంజాను రెండు పొడవైన మరమేకులు కొయ్యకు పట్టియుంచును. తీగలు పలకను ముందుకు వంచవలెనని లాగుచుండును. స్ప్రింగులు దానిని వెనుకకు లాగుచుండును. రెండు భ్రామకములు సమానమైనచోట పలక నిలుచును. మొత్తము యంత్రమింతే. కాడ ఈ త్రాసు సిబ్బిపై క్షణకాలము పెట్టిన వ్రేలు వంటిది.

బలముల లెక్క

గిటారు తీగల మందమును అంగుళములో వేయవ వంతులలో చెప్పుదురు. ‘పది’ అని పిలుచు జతలో అన్నిటికంటె సన్నని తీగ 0.010 అంగుళము. ఈ జతను మామూలు శ్రుతికి బిగించినపుడు స్ట్రాటోకాస్టరుపై ఆరు తీగల మొత్తపు తన్యత సుమారు 47 కి.గ్రా. బరువునకు సమానము. ‘తొమ్మిది’ జతకు అది సుమారు 38 కి.గ్రా. తీగలు కత్తి అంచు కంటె 1 సెం.మీ. ఎత్తున లాగుచున్నవనియు, స్ప్రింగులు 4 సెం.మీ. దిగువన లాగుచున్నవనియు అనుకొందము. అప్పుడు 47 కి.గ్రా.ను తూచుటకు స్ప్రింగులు నాలుగవ వంతు, అనగా దాదాపు 12 కి.గ్రా. బలముతో లాగిన చాలును. తులాదండపు నియమము తెలిసిన విద్యార్థికి ఇది సులభమైన లెక్క.

ఇక్కడ అనేకులు పొరపడు విషయము ఒకటి కలదు. మూడు స్ప్రింగుల కంటె అయిదు స్ప్రింగులు బ్రిడ్జిని ఎక్కువ బలముతో పట్టియుంచునని పలువురి నమ్మకము. సమతాస్థితిలో అట్లు జరుగదు. స్ప్రింగులు మొత్తము మీద ఎంత బలము చూపవలెనో నిర్ణయించునవి తీగలే. 12 కి.గ్రా. అవసరమైనచో మూడు స్ప్రింగులు ఒక్కొక్కటి 4 కి.గ్రా. చొప్పునను, అయిదు స్ప్రింగులు 2.4 కి.గ్రా. చొప్పునను పంచుకొనును. హుక్ నియమము ననుసరించి అయిదు స్ప్రింగులున్నపుడు ఒక్కొక్కటి తక్కువ సాగియుండును. కనుక పంజాను వదులుచేయవలసి వచ్చును. మారునది బలము కాదు, బిరుసుతనము. అయిదింటితో కాడ గట్టిగా తగులును, మూడింటితో మెత్తగా కదలును. తీగను మెట్టుపై ప్రక్కకు లాగి స్వరము పెంచు అలవాటు ఎక్కువగా గలవారు అయిదింటిని కోరుటకు కారణమున్నది: మెత్తని స్ప్రింగులైనచో ఒక తీగను లాగగానే పలక ముందుకు ఒరిగి, తక్కిన తీగల శ్రుతి దిగును.

వెండ్రుకలో ఏడవ వంతు

సోనోమీటరుపై ప్రయోగము చేసినవారికి తీగల కంపన నియమములు తెలిసినవే. పొడవు మారకున్నచో పౌనఃపున్యము తన్యత యొక్క వర్గమూలమునకు అనులోమానుపాతములో ఉండును. ఒక అర్ధస్వరము దిగవలెనన్న తన్యత సుమారు 11 శాతము తగ్గవలెను. వైణికుడు మెట్టుపై తీగను ప్రక్కకు లాగి గమకము పలికించునపుడు జరుగునదియు తన్యత పెరుగుటయే. గిటారు కాడ అదే పనిని ఆరు తీగలకును ఒకేసారి చేయును.

అయితే ఆరు తీగలును ఒకే మేరకు దిగవు. ఉక్కు తీగ సాగినపుడు తన్యతలో కలుగు మార్పు యంగ్ గుణకముపైనను తీగ మందముపైనను ఆధారపడును. బిరడా నుండి దిమ్మ వరకు తీగ మొత్తము పొడవు సుమారు 80 సెం.మీ. అనుకొందము. ‘పది’ జతలో మొదటి తీగ తన్యత సుమారు 7.3 కి.గ్రా., మూడవ తీగది సుమారు 7.5 కి.గ్రా. దాదాపు సమానమే. కాని మూడవ తీగ మందము 0.017 అంగుళము, పైన చుట్టులేని ఏక ఉక్కు. దాని అడ్డుకోత వైశాల్యము మొదటి తీగ వైశాల్యమునకు దాదాపు మూడు రెట్లు. రెండింటిని ఒక మిల్లీమీటరు చొప్పున వదులుచేసినచో మొదటి తీగ ఒకటిన్నర అర్ధస్వరములకు కొంచెము పైగా దిగును. మూడవ తీగ తన్యత సగమునకు పడిపోయి, శ్రుతి ఆరు అర్ధస్వరములు దిగును! కాడతో అన్ని తీగలను ఒకేసారి మ్రోగించి దింపినపుడు స్వరముల పొందిక చెదరిపోవుట ఇందువలననే. దానిని ఏ సర్దుబాటును మాన్పజాలదు.

ఈ లెక్కనే చిన్న కొలతకు వర్తింపజేసి చూడవలెను. మూడవ తీగ మిల్లీమీటరులో నూరవ వంతు మాత్రము తన చోటు నుండి జరిగి అక్కడనే చిక్కుకొన్నదనుకొందము. అది మనిషి వెండ్రుక మందములో సుమారు ఏడవ వంతు. తన్యతలో అర శాతము, పౌనఃపున్యములో పావు శాతము తేడా వచ్చును. అర్ధస్వరమును నూరు భాగములు చేసి ఒక్కొక్క భాగమును సెంటు అందురు. ఈ తేడా సుమారు 4 సెంట్లు. మూడవ తీగ పౌనఃపున్యము సెకనుకు 196. దానిని సరియైన శ్రుతిగల మరియొక వాద్యముతో కలిపి మ్రోగించినచో రెండు సెకనులకు ఒక విస్పందనము చొప్పున వినబడును. చెవి అలవాటుపడినవాడు దీనిని వెంటనే పసిగట్టును. ట్రెమొలో సంరక్షణ యంతయు ఈ నూరవ వంతు మిల్లీమీటరుతో చేయు పోరాటమే.

సమతూకము కుదుర్చుట

పని ప్రారంభించుటకు ముందు తీగలు క్రొత్తవై, మామూలుగా వాడు మందమునవే అయి ఉండవలెను. పాత తీగలతో తూచిన త్రాసు క్రొత్త తీగలకు పనికిరాదు. మొదట ఆరు తీగలను శ్రుతి చేయవలెను. ఒకటి బిగించగానే పలక కొంచెము ఒరిగి తక్కినవి దిగును. కనుక మూడు నాలుగు సారులు ఆరింటిని తిరిగి తిరిగి సరిచూడక తప్పదు. క్రొత్తగా నేర్చుకొనువారు ఇక్కడ విసుగుచెంది గిటారునందు లోపమున్నదని తలచుదురు. లోపమేమియు లేదు, త్రాసు ప్రతి మార్పునకును జవాబు చెప్పుచున్నదంతే.

తరువాత పలక వెనుక అంచునకును కొయ్యకును నడుమ ఖాళీని ఇనుప స్కేలుతో కొలువవలెను. ఫెండర్ సంస్థ సూచించు కొలత అంగుళములో ఎనిమిదవ వంతు, అనగా సుమారు 3 మి.మీ. ఆ ఖాళీ ఉన్నపుడే కాడను పైకి లాగి శ్రుతిని కొంత పెంచుటకును వీలగును. ఖాళీ ఎక్కువైనచో తీగలు గెలుచుచున్నవని అర్థము. పంజా మేకులను బిగించవలెను. తక్కువైనచో వదులు చేయవలెను. రెండు మేకులను సమానముగా, ఒక్కొక్కసారి అర చుట్టుకు మించకుండ త్రిప్పి, మరల శ్రుతి చేసి, మరల కొలువవలెను. బిగించునపుడు ముందుగా తీగలను కొంత వదులు చేసినచో కొయ్యలోని మర చెడకుండును. పంజాకు ఒక సన్నని తీగ టంకముతో అతికియుండును. అది విద్యుత్ వలయపు ఎర్తు తీగ. స్క్రూడ్రైవరు తగిలి అది ఊడిపోయినచో, తీగలపై చేయి ఉన్నను లేకున్నను ఆంప్లిఫైయరునుండి గుయ్యిమను శబ్దము వినబడుచునే ఉండును.

తీగల జతను ‘తొమ్మిది’ నుండి ‘పది’కి మార్చినచో తన్యత సుమారు 9 కి.గ్రా. పెరుగును. పలక లేచిపోవును, తీగలు మెట్లకు దూరమగును, వాయించుట కష్టమగును. మరమ్మతునకు తెచ్చిన గిటారులో బ్రిడ్జి విరిగినదని చెప్పిన సందర్భములలో చాల వరకు జరిగినది ఇంతే.

ముందు అంచున ఉన్న ఆరు మేకుల విషయములో అతి బిగింపు కూడదు. కాడతో పలకను వెనుకకు వంచి కొయ్యకు ఆనించి, రెండు చివరి మేకుల తలలు పలక పైభాగమునకు సరిగా తగులునట్లు ఉంచి, నడుమనున్న నాలుగింటిని ఒకటిన్నర మిల్లీమీటరు మేర పైకి లేపి ఉంచుట మంచి పద్ధతి. ఆరింటిని గట్టిగా బిగించినచో కత్తి అంచు అనునది ఉండదు, త్రాసు దండమును గోడకు మేకు కొట్టినట్లగును. 1980ల చివరి నుండి అనేక గిటారులలో ఆరు మేకులకు బదులు రెండు స్తంభములు మాత్రమే ఉంచుచున్నారు. వాటి సర్దుబాటు సులభము. ఏ రకమైనను ఆనిక చోట చిటికెడు వాసెలిను పూసిన చాలును.

అసలు దోషి

శ్రుతి తిరిగి రానపుడు అందరును స్ప్రింగులను నిందింతురు. పదింట తొమ్మిది సారులు దోషి గిటారు రెండవ కొననున్నది. బిరడాల నుండి వచ్చు తీగలు మెడపైకి ఎక్కుచోట గంట్లుగల సన్నని పట్టీ ఒకటి ఉండును. దీనిని నట్ అందురు. బోల్టునకు బిగించు నట్టుతో దీనికి సంబంధము లేదు. తీగ ఇక్కడ కొంచెము వంగి దిగును. గిలక లేని బావిపై దూలము మీదుగా చేద లాగువానికి నీటి బరువు కంటె ఎక్కువ బలము కావలెను గదా. అదే ఘర్షణ ఇక్కడను కలదు.

వంపు 10 డిగ్రీలు, ఘర్షణ గుణకము 0.2 అయినచో పట్టీకి ఇటునటు తన్యతలలో సుమారు మూడున్నర శాతము తేడా ఉన్నను తీగ జారక నిలిచియుండగలదు. కాడను నొక్కినపుడు మ్రోగు భాగము వదులగును. బిరడావైపునున్న తీగ తనవైపునకు కొంత ఉక్కును లాగుకొనును. కాడను వదలినపుడు ఆ ఉక్కంతయు వెనుకకు రాదు. మ్రోగు భాగము పొడవు, బిరడావైపు భాగము కురచ. కావున ఆ మూడున్నర శాతపు తేడాలో దాదాపు ఎనిమిదవ వంతు మాత్రమే మ్రోగు భాగమునకు దక్కును. లెక్క కట్టినచో అది పైన చెప్పిన 4 సెంట్లకు, ఆ నూరవ వంతు మిల్లీమీటరునకు దగ్గరగా వచ్చును. ఇది గంటు నునుపుగా ఉన్నపుడు. గంటు ఇరుకై తీగను పట్టియుంచినచో తప్పు అనేక రెట్లగును.

దీనినిబట్టి రోగనిర్ణయము సులభము. కాడను నొక్కి వదలిన తరువాత తీగ శ్రుతి హెచ్చియున్నచో, అదే తీగను మెట్టుపై ప్రక్కకు లాగి వదలిన తరువాత శ్రుతి తగ్గియున్నచో, తీగ పట్టీ వద్ద చిక్కుకొనుచున్నది. బిరడా త్రిప్పునపుడు ‘టిక్కు’మను చప్పుడు వచ్చుట మరియొక సాక్ష్యము. చికిత్స ఖరీదైనది కాదు. తీగను గంటు నుండి తప్పించి, మెత్తని వ్రాతపెన్సిలు మొనను గంటులో నాలుగైదు సారులు రుద్దవలెను. పెన్సిలులోని గ్రాఫైటు పొరలు ఒకదానిపై నొకటి జారు స్వభావము గలవి; అవి ఎండు కందెనగా పనిచేయును. సన్నని తీగలను అదిమిపట్టు చిన్న కొక్కెములు బిరడాల పట్టీపై ఉండును. వాటి అడుగునను రుద్దవలెను. గంటు నిజముగా ఇరుకైనదే అయినచో తీగ మందమునకు తగిన సన్నని ఆకురాయితో వెడల్పు చేయించవలెను. లోతు మాత్రము పెరుగరాదు. పెరిగినచో తీగ మొదటి మెట్టునకు తగిలి జీరగా మ్రోగును.

బిరడాపై తీగను రెండు మూడు చుట్లకు మించి చుట్టరాదు, చుట్లలోని వదులు కాడ కదలినప్పుడెల్ల సర్దుకొనుచుండును. క్రొత్త తీగను వ్రేళ్లతో మెల్లగా పైకి లాగి, మరల శ్రుతి చేసి, శ్రుతి దిగకుండ నిలుచునంతవరకు ఇట్లే చేయవలెను. వాయించిన పిదప తీగలను, జీనులను పొడిగుడ్డతో తుడువవలెను. చెమటలోని ఉప్పు ఉక్కును త్రుప్పుపట్టించును. త్రుప్పు ఘర్షణకు తోబుట్టువు. తీగలు మార్చునపుడు ఒకదాని తరువాత నొకటి మార్చుటయో, అన్నిటిని ఒకేసారి తీయవలసినచో దిమ్మ వెనుక కొయ్యముక్క అడ్డుపెట్టుటయో మేలు. కాడ దిమ్మలోని రంధ్రములో గడగడలాడుచున్నచో దాని మరకు కొళాయి పనివారు వాడు తెల్లని టెఫ్లాను పట్టీని ఒకటి రెండు చుట్లు చుట్టిన సరిపోవును. బలవంతముగా బిగించిన కాడ మర వద్ద విరిగి, ముక్క లోపల నిలిచిపోయినచో తీయుట చాల కష్టము.

ఘర్షణను తగ్గించుటకు బదులు జారుటనే లేకుండ చేయవచ్చునని ఫ్లాయిడ్ రోజ్ అను అమెరికను తలచెను. ఆయన పరికరములో తీగలు బ్రిడ్జి వద్దను, మెడ మొదట పట్టీ వద్దను మరలతో నొక్కి బంధించబడును. పేటెంటు 1979లో లభించినది. బంధించిన పిదప బిరడాలు పనిచేయవు కనుక తరువాత బ్రిడ్జిమీదనే చిన్న శ్రుతిమరలు చేర్చబడినవి. కాడను ఎంత నొక్కినను శ్రుతి తిరిగి వచ్చును. కాని తీగ మార్చుటకు పనిముట్లు, ఓర్పు కావలెను. సమతూకపు నియమము మాత్రము దానికిని తప్పదు.

ఆ నియమము కచేరీలో ఒక్క తీగ తెగినపుడు తన ప్రతాపము చూపును. ‘పది’ జతలో ఒక తీగ పోయినచో ఏడెనిమిది కి.గ్రా. లాగు బలము ఒక్కసారిగా తగ్గును. స్ప్రింగులు పలకను వెనుకకు గుంజును, మిగిలిన అయిదు తీగలు శ్రుతి హెచ్చును, పాట అక్కడితో ఆగును. ఎరిక్ క్లాప్టన్ వంటివారు దిమ్మ ప్రక్కన కొయ్యముక్క బిగించి కాడనే వదలుకొనిరి. అంత దూరము పోనక్కరలేదు. పంజా మేకులను పలక కొయ్యకు ఆనువరకు బిగించి, పైన మరి అర చుట్టు బిగించినచో, శ్రుతిని దించుటకు మాత్రము వీలుండును, పెంచుటకు ఉండదు. తీగ తెగినను పలక వెనుకకు పోవుటకు చోటు లేదు గనుక మిగిలిన అయిదు తీగలు శ్రుతిలోనే నిలుచును, ఆ పాట పూర్తియగు వరకు వాయించవచ్చును.